ఎవరి మొహం, ఎవరి రంగు?

మొహానికి మన భాష పూసినన్ని రంగులు ఏ చిత్రకారుడూ పూసి ఉండడు. భయపడితే మొహం తెల్లబోతుంది. అవమానపడితే నల్లబడుతుంది. సిగ్గేస్తే బుగ్గలు ఎర్రబడతాయి, కోపం వస్తే కళ్ళు ఎర్రబడతాయి. దిగులు పడితే మొహం పాలిపోతుంది. ఈ మాటలు వాడేటప్పుడు మనిషి లోపల జరుగుతున్నది చెప్తున్నామనే అనుకుంటాం. నిజానికి ఆ మనిషి నోరు విప్పకముందే చూసేవాళ్ళు ఆమె మొహం మీద రాసేసిన తీర్పులవి. 'చూడు, దాని మొహం ఎలా మాడిపోయిందో' అంటున్నప్పుడు మాట్లాడేది ఆ మొహం కాదు కదా, పక్కన నిలబడి చూస్తున్నవాళ్ళు.

ఇరవయ్యో శతాబ్దపు మొదటి పదేళ్ళలో యూరప్ చిత్రకళ సరిగ్గా ఈ పనే కాన్వాసు మీద చేసింది. ఫ్రాన్సులో దాన్ని ఫావిజం అన్నారు. జర్మనీలో జరిగినదాన్ని ఎక్స్‌ప్రెషనిజం అన్నారు. కంటికి కనిపించే రంగే వెయ్యనక్కర్లేదు, మనసుకి తోచిన రంగు వెయ్యొచ్చు అన్నది ఈ రెండు ఉద్యమాల వెనకా ఉన్న ధైర్యం. కళా చరిత్ర పుస్తకాలు దీన్ని రంగుకి వచ్చిన స్వాతంత్ర్యంగా చెప్తాయి. నేను కాదనను. ఆ బొమ్మలంటే నాకు చాలా ఇష్టం. కానీ వాటి ముందు కాసేపు ఆగితే చాలు, ఒక ప్రశ్న వచ్చి కూర్చుంటుంది. ఆ రంగుల్లో ఉప్పొంగుతున్న ఉద్వేగం ఎవరిది? గీసినవాడిదా, కదలకుండా కూర్చున్న ఆమెదా?

దీనికి కాస్త వెనక్కి వెళ్ళాలి. రంగుకి ఆడతనం అంటగట్టడం అక్కడ పాత సంగతి. పదహారో శతాబ్దపు ఇటలీలోనే రేఖ గొప్పదా, రంగు గొప్పదా అని పెద్ద వాదన నడిచింది. ఫ్లారెన్సు వాళ్ళు రేఖ వైపు, వెనిస్ వాళ్ళు రంగు వైపు. రేఖ బుద్ధికి సంబంధించినదనీ, రంగు ఇంద్రియాలని మభ్యపెట్టేదనీ అప్పట్నుంచీ ఒక అభిప్రాయం స్థిరపడుతూ వచ్చింది. 1867లో షార్ల్ బ్లాఁ అనే ఫ్రెంచి విమర్శకుడు మొహమాటం లేకుండా దాన్ని తేల్చి చెప్పాడు. ఆయన లెక్కలో కళకి రేఖ మగతనం, రంగు ఆడతనం. రేఖ రంగు మీద తన పెత్తనం నిలబెట్టుకోవాలి. లేకపోతే ఈవ్ వల్ల మానవజాతి పడిపోయినట్టే రంగు వల్ల చిత్రకళ కూడా పడిపోతుందట! ఇది ఎవరో తాగిన మైకంలో అన్న మాట అయితే నవ్వి వదిలేద్దుం. కళ నేర్చుకునేవాళ్ళు చదువుకున్న పుస్తకంలోది. అప్పటికి పారిస్ ప్రభుత్వ కళాశాలలో ఆడపిల్లలకి ప్రవేశమే లేదు. 1897లో గానీ ఆ తలుపు తెరుచుకోలేదు. మ్యూనిక్ అకాడెమీ అయితే 1920 దాకా తెరవలేదు.

ఇంత తక్కువచూపు చూసిన రంగుని నలభై ఏళ్ళు తిరగకుండానే కుర్రచిత్రకారులు తెచ్చి సింహాసనం మీద కూర్చోబెట్టారు. ఇక్కడే ఒక గమ్మత్తు జరిగింది. అణిగిమణిగి ఉండాల్సినన్నాళ్ళూ రంగు ఆడది. అధికారంలోకి వచ్చాక మాత్రం అది మగవాడి తెగువ, మగవాడి గర్జన అయిపోయింది. 1905లో పారిస్‌లో శరత్కాల ప్రదర్శన జరిగినప్పుడు ఏడో గదిలోని బొమ్మల్ని చూసి లూయీ వోక్సెల్ అనే విమర్శకుడు వాటిని గీసినవాళ్ళని క్రూరమృగాలతో పోల్చాడు. ఫావ్ అంటే అదే. తిట్టుగా పుట్టిన పేరుని వాళ్ళు బిరుదుగా తగిలించుకున్నారు. మృగం అనిపించుకోవడం మగవాడికి బిరుదయ్యే అవకాశం ఉంది. అదే మాట ఆడదాన్ని అంటే ఏమవుతుందో మనకి తెలుసు.

ఆ గదిలో జనం ఎక్కువగా వెక్కిరించిన బొమ్మ ఆన్రీ మతీస్ గీసిన 'టోపీ పెట్టుకున్న స్త్రీ'. కూర్చున్నావిడ అతని భార్య అమేలీ. ఒక చేతికి గ్లవ్, ఆ చేతిలో విసనకర్ర. తల మీద పళ్ళబుట్ట బోర్లించినట్టు పెద్ద టోపీ. నుదుటి మీద, ముక్కు పక్కన ఆకుపచ్చ. బుగ్గ మీద ఊదా, పసుపు. మెడ దగ్గర నారింజ. ఆవిడ నిజంగా ఏ రంగు బట్టలు కట్టుకుని కూర్చుంది అని ఎవరో అడిగితే 'నల్లవే' అన్నాడని ఒక కథ చెప్పుకుంటారు. గెర్‌ట్రూడ్ స్టైన్ కుటుంబం ఆ బొమ్మని 500 ఫ్రాంకులకి కొనుక్కుంది. ఇప్పుడది శాన్‌ఫ్రాన్సిస్కో ఆధునిక కళల మ్యూజియంలో ఉంది. మతీస్ దశ తిరగడం ఆ కొనుగోలుతోనే మొదలైందంటారు.

ఆ టోపీ గురించే నాకు చెప్పాలని ఉంది. అమేలీ టోపీలు తయారుచేసేది. 1898లో పెళ్ళి. 1899లో పారిస్‌లో టోపీల కొట్టు పెట్టింది. మతీస్ బొమ్మలు అమ్ముడుపోని ఆ రోజుల్లో ఇంటికి ఆధారం ఆ కొట్టే. పెళ్ళికి ముందు మతీస్‌కి వేరే స్త్రీ వల్ల పుట్టిన మార్గరీత్‌ని కూడా తన పిల్లలతో పాటు పెంచింది. అంటే ఆ టోపీ అలంకారం మాత్రమే కాదు. ఆమె చేతిపని, ఆమె సంపాదన, ఆమెకున్న రంగుల తెలివి. రిబ్బను పక్కన ఏ పువ్వు పెడితే నప్పుతుందో, ఏ ఈక పక్కన ఏ సిల్కు గుడ్డ నిలుస్తుందో తెలిసిన మనిషి కాన్వాసులోకి వచ్చేసరికి రంగు పూయించుకునే మొహంగా మిగిలింది. ఆ బొమ్మ మీద వచ్చిన రాతల్లో మతీస్ రంగుల ధైర్యం గురించి పేజీలు ఉంటాయి. అమేలీ టోపీల కొట్టు ఆయన జీవిత వివరాల్లో ఒక వాక్యంగా వెళ్ళిపోతుంది.

ఆ మొహం మాత్రం నన్ను వదలదు. ఇన్ని రంగుల మధ్యా ఆవిడ కళ్ళు చాలా మామూలుగా, కొంచెం అలసటగా, కొంచెం అనుమానంగా ఇటు తిరిగి చూస్తుంటాయి. 'అయిందా? లేవనా?' అన్నట్టు. రంగులు ఒకటి చెప్తుంటే కళ్ళు ఇంకొకటి చెప్తున్నాయి. మతీస్ గొప్ప చిత్రకారుడు కనకే ఆ కళ్ళని రంగుతో కప్పెయ్యకుండా వదిలాడని నేను అనుకుంటాను. అదే ఏడాది గీసిన ఇంకో బొమ్మలో నుదుటి నుంచి గడ్డం దాకా మొహాన్ని నిలువునా రెండుగా చీల్చే ఆకుపచ్చ చార ఉంటుంది. అందులో ఆ చూపు కూడా గట్టిపడిపోయింది. నలభై ఏళ్ళ కాపురం తర్వాత 1939లో వాళ్ళు విడిపోయారు.

అమేలీ కనీసం పెద్దది, పేరున్న మనిషి. డ్రెస్డెన్‌లో కిర్ష్నర్ బృందం దగ్గరికి వెళ్దాం. 'వంతెన' అని పేరు పెట్టుకున్న ఈ కుర్రవాళ్ళు 1909 నుంచి ఫ్రెంజీ అనే పిల్లని అనేక బొమ్మల్లో గీశారు. బట్టలతో, బట్టలు లేకుండా, స్టూడియోలో, చెరువు గట్టున. అప్పటికి ఆ పిల్ల వయసు ఎనిమిది, తొమ్మిదేళ్ళు. 1910లో కిర్ష్నర్ గీసిన 'చెక్కిన కుర్చీ ముందు ఫ్రెంజీ' మాడ్రిడ్‌లో థిస్సెన్ మ్యూజియంలో ఉంది. ఆ పిల్ల మొహం పచ్చిగడ్డి రంగు, పెదాలు రక్తం రంగు. వెనక ఉన్న కుర్చీ వీపుని ఆడమనిషి ఆకారంలో చెక్కారు. ఆ చెక్కబొమ్మకి మాత్రం మనిషి చర్మం రంగు, లేత గులాబీ! కొయ్యకి ఒళ్ళు వచ్చింది, పిల్లకి పోయింది. ఆదిమ స్వేచ్ఛ, సహజత్వం, నాగరికత మీద తిరుగుబాటు... ఈ ఆకుపచ్చకి విమర్శకులు ఎన్నో అర్థాలు చెప్పారు. ఆ పిల్ల ఎవరు అని అడగడానికి ఎవరికీ తీరిక దొరకలేదు. సర్కస్ మనిషి భార్య, ఆ భర్త పోయాక కూతుళ్ళని పంపిందని చాలాకాలం ఒక కట్టుకథ నడిచింది. 1995లో చర్చి రిజిస్టర్లు వెతికితే గానీ ఆమె అసలు పేరు లీనా ఫ్రాంజిస్కా ఫేర్మన్ అనీ, 1900లో పుట్టిందనీ బయటపడలేదు. అంటే ఎనభై అయిదేళ్ళు ఆమె మొహం మీది రంగుకి అర్థాలు చెప్పుకున్నారు, పేరు లేకుండా.

ఈ బొమ్మని తీసి పారెయ్యమని నేను అనడం లేదు. ఆ ఆకుపచ్చ ముందు నిలబడి 'ఎంత స్వేచ్ఛ!' అని నిట్టూర్చే ముందు, ఆ స్వేచ్ఛకి ఎవరు జీతం లేకుండా నిలబడాల్సి వచ్చిందో చూడమంటున్నాను.

రంగుకీ ఉద్వేగానికీ లెక్కలు కట్టడం కూడా ఆ రోజుల్లో ఒక వ్యసనం. కాండిన్‌స్కీ 1911 చివర్లో తెచ్చిన 'కళలో ఆధ్యాత్మికత' పుస్తకంలో పసుపు భూమికి చెందింది, మీదికి దూసుకొస్తుంది, నీలం ఆకాశానికి చెందింది, లోపలికి తీసుకుపోతుంది అని వివరంగా రాశాడు. అతని మిత్రుడు ఫ్రాంజ్ మార్క్ అంతకు ఏడాది ముందు, 1910 డిసెంబర్లో, తోటి చిత్రకారుడు మాకెకి రాసిన ఉత్తరంలో ఇంకో అడుగు ముందుకేశాడు. నీలం పురుషతత్వం, గంభీరం, ఆధ్యాత్మికం. పసుపు స్త్రీతత్వం, మెత్తన, సంతోషం, ఇంద్రియసుఖం. ఎరుపు జడపదార్థం, బరువు, మొరటుతనం. షార్ల్ బ్లాఁ పోయాడు గానీ ఆయన లెక్క పోలేదు. రంగు మొత్తం ఆడది అనేవాడు ఆయన. వీళ్ళు రంగుల్లోనే మంచి గది మగవాళ్ళకి కేటాయించుకున్నారు.

మనకీ ఇలాంటి పట్టిక ఉంది. నాట్యశాస్త్రంలో శృంగారానికి శ్యామం, రౌద్రానికి ఎరుపు, కరుణకి పావురాయి రంగు. అక్కడ రంగు రసానిది, నటుడి సొంతం కాదు, చూసేవాళ్ళందరూ పంచుకునేది. 1905 తర్వాతి యూరప్‌లో రంగు చిత్రకారుడి సంతకం అయింది. నా ఉద్వేగం, నా రంగు. సంతకం చేసే హక్కు ఎవరికుంది అన్న ప్రశ్న అందుకే అక్కడ అంత పదునుగా వస్తుంది.

ఇదంతా ఎక్కడో మ్యూనిక్, డ్రెస్డెన్ గొడవ అని అనుకోలేను. కొన్నేళ్ళ కిందట ఒక సాహిత్య సభలో నా కవితల మీద మాట్లాడిన పెద్దాయన, 'ఆవేశం ఎక్కువ, కాస్త అదుపు ఉంటే బాగుండేదమ్మా' అన్నారు. ఆ తర్వాత అరగంటకి అదే మైకు ముందు ఇంకో కవి గురించి 'గుండె మండితే పుట్టిన అక్షరాలు' అన్నారు. ఆ కవి మగవాడని వేరే చెప్పాలా? ఆవేశం అతనికి శైలి, నాకు జబ్బు. స్త్రీలు తమ శరీరం గురించి రాసినప్పుడు 'నీలి కవితలు' అన్నవాళ్ళున్నారు మనలో. రంగునే తిట్టు చేశారు. 1993లో ఓల్గా సంపాదకత్వంలో వచ్చిన స్త్రీవాద కవితా సంకలనం పేరు 'నీలిమేఘాలు'. ఫావ్‌లు చేసిన పనే మనవాళ్ళూ చేశారని నాకు ఆ అట్ట చూసినప్పుడల్లా అనిపిస్తుంది. కాకపోతే ఫావ్‌లకి కొనేవాళ్ళు తొందరగా దొరికారు.

మరి కుంచె ఆడవాళ్ళ చేతిలో ఉన్నప్పుడు ఈ రంగులు ఏం చేశాయి?

పౌలా మోడర్‌సోన్ బెకర్ గురించి విడిగా ఒక వ్యాసమే రాయాలి, ఇక్కడ ఒక్క బొమ్మ చాలు. 1906 మే 25, ఆమె ఆరో పెళ్ళిరోజు. భర్తని వదిలి పారిస్ వచ్చేసి ఉంది. నడుం దాకా నగ్నంగా, మెడలో పసుపురాళ్ళ దండతో, ఎత్తుగా ఉన్న కడుపు కింద చెయ్యి ఆనించి తనని తనే గీసుకుంది. అప్పటికి ఆమె గర్భవతి కాదు. ఆ కడుపులో ఏముందో మనం ఊహించుకోవాలి. కింద సంతకంలో భర్త ఇంటిపేరు లేదు. పి.బి. అని పొడి అక్షరాలు మాత్రమే. మట్టిరంగులు, లేత ఆకుపచ్చ. అరుపు లేదు. మరుసటి ఏడాది నవంబర్లో బిడ్డని కన్న పద్దెనిమిది రోజులకి పోయింది, ముప్పై ఒక్క ఏళ్ళకి.

నన్ను ఎక్కువకాలం పట్టుకున్నది మాత్రం మ్యూనిక్ లెన్‌బాఖ్‌హౌస్‌లోని రెండు మొహాలు. రెండూ ఒక్క మనిషివే. మరియానె వెరెఫ్కిన్.

మొదటిది 1909లో గాబ్రియెలె మ్యుంటర్ గీసింది. మ్యుంటర్‌ని కాండిన్‌స్కీ శిష్యురాలిగా, ప్రియురాలిగా చెప్పి ముగించడం అలవాటు. అకాడెమీ చేర్చుకోలేదు కనకే ఆమె 1902లో అతను నడిపే ప్రైవేటు బడికి వెళ్ళింది. ఆల్ప్స్ కొండల కింద ముర్నౌ ఊళ్ళో 1909లో ఇల్లు కొన్నది ఆమె, తన డబ్బుతో. ఆ ఊరి సంప్రదాయ కళ, గాజు వెనకవైపు బొమ్మలు గీయడం, స్థానిక కళాకారుల దగ్గర నేర్చుకున్నదీ ఆమే. నల్లగీత మధ్య ముద్దగా నిలిచే స్వచ్ఛమైన రంగు ఆమెకి అక్కడినుంచి బలపడింది. ఆమె గీసిన మరియానె బొమ్మలో వెనక అంతా పసుపు. ఊదారంగు కండువా, తల మీద పూలతో నిండిన టోపీ, దవడ పక్కన ఆకుపచ్చ నీడ. భుజం మీదుగా ఇటు తిరిగి చూస్తున్న మొహంలో తేలికపాటి హేళన. ఇదీ టోపీ పెట్టుకున్న స్త్రీయే! మతీస్ బొమ్మకి నాలుగేళ్ళ తర్వాతది.

ఆ పసుపుని ఫ్రాంజ్ మార్క్ పట్టికలో పెట్టి చదవాలంటే స్త్రీతత్వం, మెత్తదనం అనాలి. మ్యుంటర్ తర్వాత ఎప్పుడో చెప్పుకున్న జ్ఞాపకం వేరే ఉంది. ఆ పసుపు ఆమె సొంత ఇంటి గోడ అడుగుభాగం రంగు. దాని ముందు మరియానెని నిలబెట్టి గీసింది. మరియానె దర్జాగా, ఆత్మవిశ్వాసంతో, పెత్తనం చేసే మనిషిలా ఉండేదనీ, ఆ టోపీ బండిచక్రమంత ఉండేదనీ చెప్పింది. ఆ గోడ రంగు ఎంత కావాలో అంత పెంచింది, నిజమే. కానీ ఆ పెంచడంలో ఎదుటి మనిషి చెరిగిపోలేదు. బొమ్మ చూస్తే మ్యుంటర్‌కి ఎలా అనిపించిందో తెలుస్తుంది, మరియానె ఎలాంటిదో కూడా తెలుస్తుంది. ఈ రెండూ ఒకే రంగులో పట్టడం నేను ఆ కాలపు మగ చిత్రకారుల్లో తక్కువ చూశాను. స్నేహం వల్ల వచ్చిందా, చేతి నైపుణ్యం వల్ల వచ్చిందా అని విడదియ్యడం నాకు అనవసరం అనిపిస్తుంది.

రెండో మొహం మరియానె తనే, 1910 ప్రాంతంలో గీసుకున్నది. కాగితం మీద టెంపెరా, చిన్న బొమ్మ. అప్పటికి ఆమెకి యాభై ఏళ్ళు. ఇందులోనూ టోపీ ఉంది, భుజం మీదుగా చూపు ఉంది. హేళన మాత్రం లేదు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తెల్లగుడ్డులో ఎర్రజీరలు కావు, కనుపాపలే నిప్పుకణికలు. మన భాషలో 'కళ్ళెర్రజేసింది' అంటే కోపం, 'కళ్ళు ఎర్రబడ్డాయి' అంటే ఏడుపో, నిద్రలేమో. ఈ బొమ్మలో ఇవి మూడూ ఉన్నాయి గానీ ఏ ఒక్కదానికీ సరిపోదు. పక్కనుంచి చూసేవాళ్ళు ఆమె మొహం మీద రాసిన రంగు కాదది. ఆమె లోపల్నుంచి తెచ్చి పెట్టుకుంది.

ఆ ఎరుపు వెనక ఉన్న లెక్క చిన్నది కాదు. రష్యాలో రేపిన్ దగ్గర చదువుకుని, రష్యన్ రెంబ్రాంట్ అని పేరు తెచ్చుకున్న మనిషి. 1888లో వేటలో తుపాకి పేలి కుడిచెయ్యి దెబ్బతింటే మళ్ళీ కుంచె పట్టడం నేర్చుకుంది. 1896లో యావ్లెన్‌స్కీ అనే చిత్రకారుడితో మ్యూనిక్ వచ్చింది. తండ్రి తరఫున వచ్చే పింఛనుతో అతన్ని పోషించింది. అతను గొప్పవాడు కావాలని పదేళ్ళు తను కుంచె ముట్టలేదు. ఇంటికి కళాకారుల్ని పిలిచింది, వాదించింది, కొత్త కళ ఎలా ఉండాలో వాళ్ళకి చెప్పింది. అతను ఉపయోగించుకున్నాడు. ఆ ఇంట్లోనే పనిచేసే హెలెన్ అనే అమ్మాయికి, ఇంకా పదిహేను, పదహారేళ్ళ పిల్లకి, 1902లో అతని వల్ల కొడుకు పుట్టాడు. అందరూ అదే ఇంట్లో ఉన్నారు. రష్యా విప్లవంతో మరియానె పింఛను ఆగిపోయింది. 1922లో యావ్లెన్‌స్కీ హెలెన్‌ని పెళ్ళి చేసుకున్నాడు.

ఇక్కడ మరియానెని త్యాగమూర్తిని చేసి దండ వెయ్యడం నాకు ఇష్టం లేదు. ఆ రోజుల్లో ఆమె ఫ్రెంచిలో రాసుకున్న డైరీ ఉంది. తను మగ కాదు, ఆడ కాదు, తనే అన్న ధోరణిలో సాగే రాతలవి. తన తెలివి మీద ఆమెకి అపనమ్మకం లేదు. ఆడదాని చేతిలో ఆ తెలివి కళగా చెల్లుబాటు అవుతుందా అన్నదే అనుమానం. బ్లాఁ లాంటివాళ్ళు పుస్తకాల్లో రాసినది ఇంత గొప్ప చిత్రకారిణి ఒంట్లోకి కూడా ఎక్కిపోయిందన్నమాట. హెలెన్ సంగతి ఇంకా ఇరకాటం. మరియానె ఇంట్లో ఆమె పనిపిల్ల, యావ్లెన్‌స్కీకి మోడల్, తర్వాత తల్లి. ఈ కథలో హెలెన్ మొహం మనకి అతని బొమ్మల్లోంచే దొరుకుతుంది. మనం రాసే స్త్రీల చరిత్రలో కూడా యజమానురాలి ఉద్వేగానికి ఉన్న రంగు పనిమనిషికి ఉండటం లేదు. మరియానె కళ్ళలో ఎరుపు నన్ను ఎంత కదిలించినా ఈ మాట అనకుండా ఆ బొమ్మ ముందునుంచి కదల్లేను.

మరియానె 1906లో మళ్ళీ కుంచె పట్టాక వెనక్కి తిరగలేదు. స్విట్జర్లాండ్‌లో అస్కోనా అనే ఊళ్ళో పేదరికంలో, 1938లో చనిపోయేదాకా గీస్తూనే ఉంది. కాండిన్‌స్కీ 1916లో స్టాక్‌హోంలో మ్యుంటర్ దగ్గర సెలవు తీసుకుని వెళ్ళి మళ్ళీ కనిపించలేదు. మరుసటి ఏడాది మాస్కోలో వేరే పెళ్ళి చేసుకున్నాడు. అతని బొమ్మలు ఆమె దగ్గరే ఉండిపోయాయి. నాజీలు ఈ రంగులన్నిటినీ పతనమైన కళ అని 1937లో ఇదే మ్యూనిక్‌లో ప్రదర్శన పెట్టి వెక్కిరించారు. మ్యుంటర్ ఆ బొమ్మల్ని ముర్నౌ ఇంటి నేలమాళిగలో దాచి కాపాడింది. 1957లో, తన ఎనభయ్యో పుట్టినరోజుకి, అతనివీ మిత్రులవీ తనవీ కలిపి వెయ్యికి పైగా కళాఖండాలు లెన్‌బాఖ్‌హౌస్‌కి ఇచ్చేసింది. ఆ మ్యూజియం పేరు ప్రపంచానికి తెలిసింది ఆ కానుకతోనే. పసుపు గోడ ముందు నిలబడ్డ మరియానె, బండిచక్రమంత టోపీతో సహా, అందులోనే ఉంది.